నేలకి తగిలిన పడవ

గాలమేసి చేపలు పట్టే గాలాలాయన పొద్దున్నే కయాక్ పడవ సర్దుకోవడం చూసి తీరాలి. పెళ్ళికూతుర్ని ముస్తాబు చెయ్యడానికి కూడా అంతసేపు పట్టదు. తెడ్డు, బురదలో గుచ్చి పడవని ఆపే గెడ, రెండు గాలపు కర్రలు, ఐస్‌పెట్టె, చిన్న లంగరు, లైఫ్‌జాకెట్. ఏది ఎక్కడుండాలో అక్కడే ఉండాలి. బట్టలు కుట్టే వాళ్ళావిడ అందులో వేలు పెట్టిందో, ఆ రోజంతా సణుగుడే.

అలాంటిది, పది రోజులుగా ఆ సరంజామా తగ్గిపోతోంది. ఆయన చేపలు పట్టే ఉప్పుకయ్యలో, సముద్రపు నీళ్ళు వచ్చిపోయే ఆ మడుగులో, నీళ్ళు ఎక్కడా మొలలోతు దాటవు. పైగా అక్కడ పడవ మోసేది సామాను బరువొక్కటే కాదు, ఎక్కినవాళ్ళు కడుపులో దాచుకున్న మాట బరువు కూడా. మాట ఎంత పెద్దదైతే పడవ అంత కిందికి కూర్చుంటుంది. ఇది అందరికీ తెలిసిందే. ఇల్లు అద్దెకిచ్చే ముందు మనిషిని ఓసారి పడవెక్కించి చూసేవాళ్ళు కూడా ఉన్నారు.

"ఏం బాబూ, ఇంకా చెప్పెయ్యలేదా?" అనేవాడు రేవులో ఎరలమ్మే తాత.

"ఐస్ ఎక్కువైంది తాతా!" అని ఐస్‌పెట్టె ఇంట్లో పెట్టేశాడు గాలాలాయన. మర్నాడు లంగరు. ఆ తర్వాత రెండో కర్ర. ఎన్ని తీసినా పడవ అడుగు బురదకి రాసుకుంటూనే ఉంది.

ఇవాళ ఇంట్లో కొక్కేనికి లైఫ్‌జాకెట్ వేలాడుతుంటే, అదీ వదిలేసి వెళ్ళాడని ఆవిడకి అర్థమైంది. కుట్టుమిషన్ మీద జాకెట్టు గుడ్డ అలాగే వదిలేసి రేవుకి పరిగెత్తింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఎక్కని పడవలో, ముందు సీట్లో కూలబడింది. పడవ కాస్తా బురదలో చతికిలబడింది.

"చూశావా? నీ బరువే!"

"నా బరువు సరేలెండి. మీ కడుపులో ఉన్నదేంటో కక్కండి ముందు."

ఆయన తెడ్డు వంకే చూస్తూ చెప్పాడు. "ఎడమకన్ను సగం కనబడట్లేదు. ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఎప్పుడు రావాలో నర్సు ఫోన్ చేసి చెప్తానంది, ఇంకా చెయ్యలేదు. నీకు చెప్తే నన్నిక నీళ్ళలోకి వెళ్ళనివ్వవని..."

పడవ జానెడు లేచింది. అక్కడే ఆగిపోయింది.

"ఇంక నా దగ్గరేం లేదే, ఒట్టు!" అన్నాడాయన అయోమయంగా. ఎరల తాత మర్యాదగా మొహం అటు తిప్పుకున్నాడు.

ఆవిడ పడవ అంచు పట్టుకుని చెప్పింది.

"చేసింది. పోయిన వారం ఇంటికి ఫోన్ చేసింది. ఇవాళ పదింటికి రమ్మంది. ఇవాళ దాటితే కన్ను దక్కదంది."

"మర్చిపోయావా?"

అవునంటే సరిపోయేది. కానీ పడవ కదలదుగా.

"మర్చిపోలేదండీ. మా నాన్న ఈ నీళ్ళలోకే వెళ్ళి, బురదలో కూరుకుపోయి తిరిగి రాలేదు. మీకు కన్ను పోతే ఇంటిపట్టున పడి ఉంటారనుకున్నాను. సంతోషించాను కూడా. ఛీ, నాదీ ఒక బతుకేనా!" అని భోరుమంది.

పడవ ఆకులా తేలింది. టైము ఎనిమిదిన్నర. ఆసుపత్రి అవతలి గట్టున ఉంది. రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్తే మూడు గంటలు. ఇప్పుడేమో ఆటు, సముద్రం నీళ్ళు వెనక్కి లాగేసుకునే వేళ. ఆటులో కయ్యకి అడ్డంపడి వెళ్ళిన పడవ ఇంతవరకూ లేదు, మధ్యలో అంతా చీలమండ తడిసే నీళ్ళే. గాలాలాయన తెడ్డు వేశాడు. పడవ ఎక్కడా నేలకి తగల్లేదు.

"ఎడమపక్క కర్ర పాతి ఉంది, చూసుకోండి," అని ఆవిడ చెప్తే, "ఊఁ," అన్నాడు. దారి పొడుగునా అంతే.

పదికి ఐదు నిమిషాలుండగా ఆసుపత్రి చేరారు. నర్సు కాగితం తెచ్చి, ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టాలంది.

ఆయన కలం అందుకుని, భార్య మొహం చూడకుండానే ఆవిడ చేతిలో పెట్టాడు.

"పెట్టు. ఈసారైనా నాకు కన్ను రావాలని పెట్టు."

రోజూ సూదిలో దారం ఎక్కించే ఆ చేత్తో ఆవిడ కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. తన పేరు ఒక్క అక్షరం వదలకుండా రాసింది.