కెటిల్ మూత

ఎవరెక్కడ కూర్చోవాలో ఆడపడుచే చెప్పింది. గోడవార సోఫాలో, మూలకి కోడలైన ఆమె. పక్కన మోకాళ్ళ నొప్పుల అత్తగారు. ఆవిడని దాటితే సోఫా చివర ఆడపడుచు. బయటికి రావాలంటే ఇద్దరినీ లేపాలి. ఎదురుగా కుర్చీలో భర్త ఒక్కడే దర్జాగా ఉన్నాడు.

అందరికీ డిమ్ సమ్ అనే చైనా ఆవిరి కుడుములు తినిపిస్తానని పిలిచింది కూడా ఆడపడుచే. ఖరీదైన చైనీస్ హోటల్. బల్ల మీది తెల్లటి గుడ్డ నేలదాకా వేలాడుతోంది. తివాచీ మీద నడిచేవాళ్ళ అడుగుల చప్పుడే లేదు.

ఆమెకి ఒక బళ్ళో లైబ్రరీ ఉద్యోగం వచ్చింది. ఆఫీసు మూసేలోగా ఇవాళే వెళ్ళి సంతకం పెట్టాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. "అక్కతో నేను చెప్తాగా, నువ్వు ఊరుకో" అన్నాడు భర్త. వచ్చిన దగ్గర్నుంచీ అతను నోరు తెరిచింది తినడానికే.

వెదురు బుట్టలు పొగలు కక్కుతూ వచ్చాయి. పల్చటి పిండి పొరలోంచి ముడుచుకున్న రొయ్య గులాబీ రంగులో కనబడుతోంది.

"ఇంత హంగామా చేసి బుట్టకి మూడేనా?" అంది అత్తగారు. "బొమ్మలాటలా ఉందే!"

"మెల్లిగా తినాలమ్మా. టీ అంతా అయ్యాకే లేవాలి, అదీ మర్యాద" అని ఆడపడుచు ఆమె వైపు తిరిగింది. "మరదలా, సోమవారం నుంచి మా ఇంటికొచ్చెయ్. కవలల్ని నీకప్పగించి నేను నిశ్చింతగా ఆఫీసుకి పోతా. ఆయాని మాన్పించేశా కూడా."

"ఇంట్లో ఊరికేగా ఉంటోంది" అని అత్తగారు తాళం వేసింది.

ఆమె భర్త వంక చూసింది. అతను రెండు పుల్లల మధ్య రొయ్యని పట్టుకునే పనిలో ఉన్నాడు.

"ఏమండీ!"

"ఆఁ... ఇది బావుంది, తిను."

టీ అయిపోతే లేవచ్చు కదా అని ఆమె కప్పు మీద కప్పు తాగేసింది. కెటిల్ ఖాళీ అయ్యేసరికి వడ్డించే అమ్మాయి మళ్ళీ నింపింది. అదీ తాగింది. మళ్ళీ నిండింది.

"మేం అడగలేదు కదమ్మా?" అంది ఆమె, ఉండబట్టలేక.

"మూత పక్కకి పెట్టారు కదండీ" అని నవ్విందా అమ్మాయి. "అలా పెడితే ఇంకా కావాలని అర్థం."

మూత ఓరగా పెట్టేది అత్తగారు. ఇంట్లో అన్నం గిన్నె దగ్గరా అంతే. వేడిది మూసేస్తే చెమటపట్టి రుచి చెడుతుందని ఆవిడ పట్టుదల.

ఆమె చెయ్యి చాపి మూత పెట్టేసింది.

"అదేం పనే?" అని అత్తగారు వెంటనే తీసేసింది.

అప్పుడు ఇక ఆగలేకపోయింది. "వదినా, పిల్లల్ని చూడటం నావల్ల కాదు. నాకు లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడే వెళ్ళి సంతకం పెట్టాలి. కాస్త లేవండి."

ఆడపడుచు చేతిలో కప్పు ఆగింది గానీ మనిషి కదల్లేదు. "ఏంట్రా ఇది?" అంది తమ్ముడితో.

"అదే అక్కా... చెబుదామనే..."

"సరే, టీ తాగి తీరిగ్గా మాట్లాడుకుందాం. కూర్చోమను."

నిలబడనిదే కూర్చోమనడం ఎందుకో! అత్తగారు మోకాళ్ళు నిమురుకుంటూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. అవతల్నుంచి నిండు కెటిల్ మళ్ళీ వస్తోంది.

ఆమె చేతిసంచీ భుజాన వేసుకుంది. కొంగు నడుముకి దోపుకుంది. తెల్లటి గుడ్డ పైకెత్తి, తల వంచి, బల్ల కిందికి దూరింది.

"అయ్యో, ఏం పడిపోయిందే?" అత్తగారి గొంతు పైనుంచి వినబడింది.

తివాచీ మోకాళ్ళకి గరగరమని తగిలింది. చీకట్లో నాలుగు బారలు పాకినట్టనిపించింది. ఎదురుగా భర్త బూట్లు అడ్డంగా ఉన్నాయి. ఆమె ఆగింది. బూట్లు కదల్లేదు.

పైన ఆడపడుచు అంటోంది, "ఒరేయ్, నీ పెళ్ళాం ఏం చేస్తోందిరా?"

కాసేపటికి బూట్లు రెండూ, ఒకదాని వెనక ఒకటి, మెల్లిగా పక్కకి జరిగాయి.