మేస్త్రి చెయ్యి పెట్టాక

తొట్టిలో జావ తీపెక్కలేదు, పులవనూ లేదు. ఇవాకిచి గరిటెడు నోట్లో పోసుకుని, కాసేపు నాలుక మీద ఉంచుకుని, ఉమ్మేశాడు. వట్టి గంజి! ఇన్ని చలికాలాలు సాకే అనే బియ్యపు సారా చేయించిన పెద్ద మేస్త్రికి ఇంతకన్నా తలవంపు ఏముంటుంది?

యజమాని అవోయాగి వస్తూనే కిసాబురో మీద పడ్డాడు. కోజి, అంటే గంజిని తీపెక్కించే బూజు పట్టించిన అన్నం, తయారుచేసేది అతనే. ఇవాకిచికి బావమరిది. ప్రతి చలికాలం మేస్త్రి వెంట కొండ పల్లె నుంచి దిగి వస్తాడు.

"నీ కోజి చచ్చింది. మూటా ముల్లే సర్దుకో!"

"బంగారంలా ఉందయ్యా నా కోజి! కావాలంటే పరీక్ష పెట్టండి."

పెట్టారు. మూడు గిన్నెల్లో ఒకే గంజి, ఒకే కోజి. ఒకదాన్ని ఊరికే వదిలారు, పులుపుకు చెడుతుందేమో చూడ్డానికి రెండోదాంట్లో వెనిగర్ దండిగా పోశారు, వేడికి చెడుతుందేమో చూడ్డానికి మూడోదాన్ని సలసల కాగనిచ్చారు. తర్వాత మూడింటినీ పొయ్యి పక్కన వెచ్చగా పెట్టారు. ఇవాకిచి అక్కణ్ణుంచి కదల్లేదు. బావమరిది గెలవాలి, కానీ గెలిస్తే తన గుట్టు బయటపడుతుంది. ఈ ఏడు ఇవాకిచి వేళ్ళు మొద్దుబారాయి. వేడీ చలీ తెలియడం లేదు. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. చెబితే మేస్త్రిపని అంతటితో సరి.

సాయంత్రానికి మొదటి గిన్నె కమ్మగా తీపెక్కింది. వెనిగర్ పోసింది అంతంతమాత్రం. కాగినది అచ్చం తొట్టిలోని గంజే.

"కోజి బాగానే ఉంది. వేడికి చచ్చింది," అన్నాడు అవోయాగి. "పులుపు పుట్టకముందే ఉడకబెట్టేశారు కదరా! పీపాలు దించినప్పుడు వేడి చూసిందెవడు?"

వేడినీళ్ళ పీపాలు తొట్టిలోకి దించి జావను మెల్లగా వెచ్చబెట్టడం అక్కడి పద్ధతి. మేస్త్రి చెయ్యి పెట్టి చూశాక ఇంకొకరు పెట్టకూడదు. పెడితే ఆయన మొహాన ఉమ్మినట్టే. మొన్న ఇవాకిచి, "ఇంకా చల్లగానే ఉంది, ఇంకోటి దించండి" అంటూనే ఉన్నాడు. జావ లోంచి ఆవిరి లేవడం అందరూ చూశారు. కిసాబురో కూడా చూశాడు.

"నేనేనయ్యా," అన్నాడు కిసాబురో తల వంచుకుని. "నేనే చూశాను."

ఇవాకిచికి ప్రాణం చివుక్కుమంది. వీడా తన సిగ్గు మొయ్యడం! పొయ్యి దగ్గరికి నడిచి, మరుగుతున్న నీళ్ళలోకి మణికట్టుదాకా చెయ్యి దించాడు.

"బావా! ఏంటిది? తియ్యి, చెయ్యి తియ్యి!" కిసాబురో అతని భుజం పట్టి వెనక్కి లాగాడు. చేతి మీద తోలు ఎర్రగా ఉబ్బి, అప్పుడే ఊడి వస్తోంది.

ఇవాకిచి ఆ చేతికేసి చూశాడు, ఎవరిదో అన్నట్టు.

"గోలెందుకురా? చల్లగానే ఉన్నాయి నీళ్ళు."