చీరలో లేని చుక్కలు

షాకిర్‌కు కోపం ముక్కు మీదనే ఉంటాది. హిందూపురంలో ఆ సంగతి తెలియనోళ్లు లేరు. స్టూడియోకు పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చినోడు రెప్ప కొట్టినా సరే, తిట్లు తిని పోవాల్సిందే. అట్లాంటోని చేతికి రెండువేల ఆరులో లెన్సులు మార్చుకునే డిజిటల్ కెమెరా వచ్చిందంటే ఇంక చెప్పేదేముండాది! ఊర్లో అట్లాంటిది అదే మొదటిది. దాన్ని చంటిబిడ్డ మాదిరి ఒళ్లో పెట్టుకోని వారానికోసారి ధర్మవరం రైలెక్కుతాండె. ఆడ పట్టుచీరల షావుకారి భాస్కరయ్య, మగ్గం దిగిన ప్రతి చీరకూ ఫోటో తీయించి బెంగళూరు అంగడికి మెయిల్లో పంపిస్తాండె. వాళ్లు ఫోటో చూసి సరే అంటేనే చీర ఊరు దాటేది.

సోమవారం సోమవారం నేతగాళ్లంతా చీరలు చంకన పెట్టుకోని భాస్కరయ్య అంగట్లో చేరుతారు. ఆ అంగడికి ఒక పద్ధతి ఉండాది. ఇదో ఈడ తప్పుండాదని షావుకారి చీర మీద వేలు పెడితే, చుట్టూ ఉన్నోళ్లు కూడా వంగి చూసి అవునవును అనాల. అనకపోతే వచ్చే సోమవారం ఆ వేలు వాళ్ల చీర మీదికే వస్తాది. ఈ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరికీ తెలుసు.

అట్లాంటి ఒక సోమవారం బెంగళూరు నుంచి ఫోనొచ్చింది. సుంకన్న నేసిన మీగడరంగు చీర వద్దన్నారు. కొంగు పక్కన మూడు మసక చుక్కలుండాయంట, నూనె మరకలంట. సుంకన్నంటే యాభై దాటిన మనిషి. బుటా లేని లేతరంగు చీర నేయాలంటే ఆ ఊర్లో అందరూ ఆయన పేరే చెప్తారు, ఎందుకంటే ఖాళీ బట్ట మీద ఏ తప్పూ దాగదు. ఆయన చీర విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, దీంట్లో ఏమీ లేదు, ఒకసారి ఆ కెమెరానే చూసుకోమన్నాడు. మెల్లగానే అన్నాడు.

షాకిర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మరక చేసుకున్నోడు గమ్మున ఉండకుండా తన కెమెరాకు వంక పెడతాడా! మెత్తటి గుడ్డ తీసి, ఇరవైమంది చూస్తాండగా లెన్సు అద్దాన్ని ఆవిరి పెట్టి మరీ తుడిచినాడు. పెరట్లో తీగ మీద ఆ చీరనే మళ్లా వేసి, నిలబడిన చోటనే నిలబడి మళ్లా ఫోటో తీసినాడు. కంప్యూటర్లో పెడితే మూడు చుక్కలూ ఎక్కడివి అక్కడే ఉండాయి.

"చూసినావా అన్నా? కెమెరా అబద్ధం చెప్పదు. ఉన్నదే చూపిస్తాది."

భాస్కరయ్య చీర మీద వేలు పెట్టినాడు. ఇంకేముంది, ఆయన తానా అంటే వీళ్లు తందానా. అవునవును, లేతగా ఉండాదని ఒకడు, ఎండకు పెడితే బాగా తెలుస్తాదని ఇంకొకడు. నిజం చెప్పాలంటే షాకిర్‌కు ఆ చీరలో ఏమీ కనపడలేదు. అయినా నోరు ఊరుకుంటే కదా. ఇదో నాకూ కనపడతాందని తన వేలు కూడా పెట్టినాడు పాపాత్ముడు. అందరికంటే ఎక్కువసేపు వంగి చూసింది సుంకన్ననే. వాకిట్లోకి తీసుకుపోయి ఎండలో చూసినాడు, నీడలో చూసినాడు, ముక్కు ఆనించి చూసినాడు. కడాకు చీర మడిచి పెట్టినాడు. ఇంక నీ మగ్గానికి నా పట్టు ఇయ్యనని భాస్కరయ్య అందరి ముందరే చెప్పేసినాడు.

పదైదు దినాలైనాంక షాకిర్ పెనుకొండలో ఒక కొత్త జంటకు ఫోటోలు తీసినాడు. వెనకాల కొండ, కొండ మీద కోట, పైన మబ్బు లేని ఆకాశం. సాయంత్రం స్టూడియోలో ఆయన పెండ్లాం ఫిర్దోస్ కంప్యూటర్ ముందర కూర్చోని వాటిని ఒక్కొక్కటే తిప్పుతాంది. ఆకాశంలో మూడు గద్దలు బాగా పడినాయని షాకిర్ మురిసిపోయినాడు. ఫిర్దోస్ నలభై ఫోటోలు తిప్పింది. పెండ్లికొడుకు కదిలినాడు, పెండ్లికూతురు కదిలింది, గద్దలు మాత్రం కదల్లేదు. ఫిర్దోస్ లేచి, ధర్మవరం ఫోటోల సీడీ వెతికి పెట్టింది.

"ఇట్ల చూడు. నీ గద్దలు సుంకన్న చీరలో కూడా ఉండాయి."

షాకిర్ ఫస్టు ఫిర్దోస్‌ను తిట్టినాడు. తర్వాత కంప్యూటర్‌ను తిట్టినాడు. ఆ తర్వాత బెంగళూరులో కెమెరాలు రిపేరు చేసే ఆయనకు ఫోన్ చేసి ఆయన్ను కూడా తిట్టినాడు. ఆయన ఇట్లాంటోళ్లను శానామందిని చూసినట్టుండాది, ఏమీ అనుకోలేదు. లెన్సు కన్నాన్ని ఇరవైరెండు నంబరు దాకా మూసి, తెల్లగోడకు దగ్గరగా పెట్టి, ఫోకస్ లేకుండా ఒక ఫోటో తీసి చూడమన్నాడు. తీసి చూస్తే గోడ మీద మూడు చుక్కలు, ఒక మూలకు సన్నటి పోగు కూడా.

"నువ్వు తుడిచింది వాకిలప్పా," అన్నాడాయన. "దుమ్ము నడింట్లో ఉండాది. లోపల బొమ్మ పడే సెన్సార్ మీద. నోటితో మాత్రం ఊదొద్దు, ఎంగిలి పడతాది. రబ్బరు బుడ్డితో ఊదు."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ చీర ఫోటోకు ముందొకసారి గొప్పలకు పోయి, మగ్గాల ఇంట్లో నేతగాళ్లంతా చూడాలని లెన్సు ఊడబెరికి ఇంకొకటి తగిలించినాడు. పట్టు నూగు గాల్లో ఎగిరే చోట నోరు తెరిచి పెట్టిన కెమెరా ఏమి మింగుతాది మరి! ఆ తర్వాత తీసిన ఎర్రచీరల్లో, పచ్చచీరల్లో, బుటాల మధ్యన ఆ చుక్కలు ఎవరికీ కనపడలేదు. ఖాళీగా, లేతగా ఉండేది సుంకన్న చీర ఒకటే, దొరికిపోయింది. షాకిర్‌కు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. ఆడికాడికే ఊదేద్దామని రబ్బరు బుడ్డి చేతికి తీసుకుంటే, ఫిర్దోస్ లాక్కునింది. ఇప్పుడు తుడిచేస్తే ఆ మనిషి తప్పు చేయలేదని యాడ చూపిస్తావని అడిగింది. సోమవారం దాకా షాకిర్ ఆ కెమెరాను ముట్టుకోలేదు. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సోమవారం తెల్లారే పోయి భాస్కరయ్యకు సంగతంతా చెప్పినాడు. భాస్కరయ్య వాకిలి వైపు చూసి గొంతు తగ్గించినాడు.

"గమ్మునుండప్పా. బెంగళూరోళ్లకు తెలిస్తే ఇంక నా ఫోటోలు నమ్ముతారా? లోపలికి పొయ్యి తుడుచుకో. నాలుగు దినాలు పోనీ, సుంకన్నను నేనే పిలిచి పట్టు ఇస్తా, సరేనా?"

సరేననేవాడేనేమో. షాకిర్‌కు వారానికో పని ఇచ్చే అంగడి అది. అంతలో నేతగాళ్లు వచ్చేసినారు. వాళ్ల వెనకాల సుంకన్న వచ్చినాడు, భుజాన పెద్ద మూటతో. మూటలో డిజైన్ అట్టలు ఉండాయి. మగ్గం మీద కొంగులో నెమళ్లు, పూలు పడేది ఆ చిల్లుల అట్టల వల్లనే. అవి షావుకారి సొత్తు. మూట దించి, లెక్క చూసుకోమన్నాడు.

ఎందుకప్పా ఇప్పుడే ఇవన్నీ అని భాస్కరయ్య నసిగినాడు.

"మగ్గం విప్పేస్తాండా షావుకారీ," అన్నాడు సుంకన్న. "ఇంతమందికి కనపడిన మరక నాకు కనపడలేదు. కండ్ల డాక్టరు దగ్గరికి పోయినా. ఆయన అక్షరాలు చూపించి బాగుండాయన్నాడు. అక్షరాలు కనపడితే ఏమి లాభం, నా చీరలో చుక్క నాకే కనపడనప్పుడు? చూపు పోయినోడు పట్టు ముట్టుకోకూడదు."

షాకిర్‌కు ఒళ్లంతా మండిపోయింది. ఈసారి ఆ మంట ఎవరి మీదికి తిప్పాలో తెలియలేదు. భాస్కరయ్య వద్దు వద్దని చెయ్యి ఊపుతాండగానే అంగడి తెల్లగోడకు కెమెరా పెట్టి ఒకటి కొట్టినాడు. కంప్యూటర్లో వేసి, మానిటర్‌ను బరబరా అందరి వైపూ తిప్పినాడు. గోడ మీద మూడు చుక్కలు. గోడను కూడా సుంకన్ననే నేసినాడా అని అరిచినాడు. లెన్సు తీసి, కెమెరాను బోర్లా పట్టుకోని, బుడ్డితో నాలుగుసార్లు ఊదినాడు. లెన్సు తగిలించి మళ్లా గోడకు ఒకటి కొట్టినాడు. చుక్కలు లేవు.

"ఆ దినం నాకు కూడా ఏమీ కనపడలేదు," అన్నాడు. "కనపడిందని అబద్ధం చెప్పినా. మీలో ఎవరికి కనపడిందో చెప్పండి."

ఎండకు పెడితే తెలుస్తాదన్నోడు కాలిబొటనవేలితో నేల గీకుతాండాడు. నాకప్పుడే అనుమానమొచ్చిందని వెనకనుంచి ఒకడన్నాడు. షాకిర్ వాణ్ణి కొట్టడానికి పోతే ఇద్దరు పట్టుకున్నారు. రేపటి నుంచి నా అంగడి మెట్లు ఎక్కొద్దని భాస్కరయ్య అన్నాడు. ఎక్కనని షాకిర్ అన్నాడు.

సుంకన్న మాత్రం మానిటర్ దగ్గరికి పోయి నిలబడినాడు. చుక్కలున్న గోడను చూసినాడు, చుక్కల్లేని గోడను చూసినాడు. ఎంతసేపు చూసినాడో.

షాకిర్ ఆయన దగ్గరికి పోయి, తప్పైపోయిందన్నా, చెప్పుతో కొట్టు, పడతానన్నాడు.

"నాకు చెప్పేది కాదప్పా," అన్నాడు సుంకన్న. గొంతులో కోపం లేదు, అదే భరించలేకుండా ఉండాది. "మా ఇంటిది వెంకటక్క రోడ్డు మీద నిలబడుకోనుండాది. దానికి చెప్పు. మూడు వారాల నుంచి నా చెయ్యి పట్టుకోని రోడ్డు దాటిస్తాండాది."

షాకిర్ కెమెరాను ఆ బల్ల మీదనే వదిలేసి బయటికి పోయినాడు.