రాజ్‌కిరణ్ చెప్పుల పాట

"ఓలే లహరీ, గ్యాస్ అయిపోనాదే. ఓపాలి కుక్కరు వాయించియ్యే!"

కిటికీలోంచి అచ్చమ్మత్త కేక. దీవిలోని ఈ బతు బస్తీలో పొద్దున్నే ఇది మామూలే. లహరి తెలుగు సంఘం హాల్లోకెళ్లి పాత పియానో ముందు కూర్చుంటుంది. చిటికెనవేలితో వెయిట్ ఊగే కటకట, ఆపైన పక్కపక్క మీటలు రెండూ కలిపి నొక్కితే కుయ్‌మని విజిల్. మూడో విజిల్‌కి అత్త ఇంట్లో, పొయ్యి వెలగకుండానే, అన్నం ఉడుకుతుంది. "ఇయాల కొంచెం మెత్తనైపోనాది," అంటుంది అత్త. అంతే.

లహరికి ఎవరూ నేర్పలేదు. పగలు విన్న చప్పుడు కలలోకి వేషం మార్చుకుని వస్తుంది, తెల్లారి దాన్ని మీటల మీదికి దించుతుంది. కలలోకి రానిది ఆమె వేళ్లకి రాదు.

అచ్చమ్మత్త కొడుకు రాజ్‌కిరణ్ సంఘానికి కొత్త సెక్రటరీ. వైజాగ్‌లో కొన్నాళ్లుండొచ్చి, సంగీతమంటే డీజే బాక్సులేనని తేల్చేశాడు. లహరి లెక్కలో దేవుడు వాడికి చెవులిచ్చింది కళ్లజోడు తగిలించుకోవడానికి.

ఆ ఆదివారం హాల్లో అందరి ముందూ ప్రకటించాడు. "బాక్సులకి జాగా కావాలి. సాయంత్రం పాత సామాన్ల కబాడీవాలా వచ్చి ఈ పియానో డబ్బా పట్టుకుపోతాడు."

"ఇది పోతే నేనెక్కడ వాయించాలి భయ్యా?"

"కుక్కర్ కూత కూడా మ్యూజిక్కేనా? ఛోడో లహరీ, ఇంట్లో గిన్నెలు కొట్టుకో."

ఆ కూతకి ఉడికిన అన్నమే పొద్దున మారు పెట్టించుకుని తిన్నాడు, పెద్దమనిషి.

"సరే. ఆఖరుసారి ఒకటి వాయిస్తా. రాత్రే కలలోకొచ్చింది."

"జల్దీ కానీ," అని ఆవలించాడు.

ఎడమచేత్తో టప్, కుడిచేత్తో చర్ర్. అరిగిన చెప్పు ఈడ్చుకుంటూ నడిచే నడక. ఎవరిదో గుర్తుపట్టి పిల్లలు కిసుక్కుమన్నారు. రాజ్‌కిరణ్ కూడా నవ్వబోయి, కాళ్లు లాగినట్టు లేచి నిలబడ్డాడు. టప్, చర్ర్. గుమ్మం దాటాడు. లహరి అటు చూడనైనా లేదు, చూడదగ్గ మనిషైతేగా. బస్తీ వాలు దిగుతున్నట్టు వేళ్ల వేగం పెంచింది, బజారులో కాస్త నెమ్మదించింది, షిప్పెక్కే గ్యాంగ్‌వే మీద రేకులా మోగించింది. చివర్లో ఎడమవైపు మీటలన్నీ మోచేత్తో నొక్కి షిప్పు బయల్దేరే హారన్ ఊదింది.

కబాడీవాలా వచ్చాడు. అప్పగించే సెక్రటరీ లేక టీ తాగి వెళ్లిపోయాడు.

మర్నాడు, షిప్పు ఆగే మాయాబందర్ నుంచి రాజ్‌కిరణ్ ఫోన్. జెట్టీలో టికెట్లు చింపే పని దొరికిందట, బానే ఉందట. కాళ్లే ఇటువైపు తిరగడం లేదట.

"ఓలే లహరీ," కిటికీలోంచి అచ్చమ్మత్త, "మావోడు తిరిగొచ్చే అడుగులు కూడా వాయించియ్యే."

లహరి మీటల మీద దుమ్ము తుడిచింది. "కలలోకి రావాలి కదత్తా. ఈలోగా కుక్కరు పెట్టనా?"

అత్త చేటలోని బియ్యం సగం మళ్లీ డబ్బాలో పోసేసింది. "పెట్టు. ఈపాలి ఒక్కదాన్నే."

"అయితే రెండు విజిళ్లు చాలు."