మఠం అమ్మిన రోజు

ఒకప్పుడు ఆ కన్యాస్త్రీల మఠంలో నలభై మంది సిస్టర్లుండేవారు. చేరేటప్పుడు ఒక్కొక్కరూ తమ వాటా పొలమో నగలో మఠానికి రాసిచ్చారు. ఆ సొమ్ముతోనే బడీ, కుట్టు గదులూ లేచాయి. చివరికి పెద్ద సిస్టరు ఒక్కతే మిగిలింది. మఠాన్ని అమ్మక తప్పలేదు.

"ఆస్తి ఎవరిదమ్మా?" రిజిస్ట్రారు అడిగాడు.

"మాది బాబూ." యాభై ఏళ్లుగా ఆమె నోట "నాది" అన్న మాట రాలేదు.

"మరి మిగతావాళ్లు రాలేదేం?"

"వాళ్లు తోట వెనక సమాధుల్లో ఉన్నారు. ఆ జాగా, అక్కడికి నడిచే దారి అమ్మకంలోంచి తీసేస్తేనే సంతకం పెడతాను."

కొన్నవాళ్లు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

ఇప్పుడామె వృద్ధాశ్రమంలో ఉంటోంది. అక్కడ అందరూ మంచివాళ్లే, కానీ మాట కలిసేవాళ్లు లేరు. ఆదివారం వస్తే ఆ దారిన వెళ్లి, పొద్దుగూకేదాకా తనవాళ్లతో కబుర్లు చెప్పి వస్తుంది.