మొలిచినాయో లేదో

పెద్దారవీడు దగ్గర పల్లెలో దానమ్మ ఎవరికి ఎదురుపడినా వాళ్ళది ఒకటే ప్రశ్న. "మీ ఆయనకు బాగైందంట గదా అక్కా, సాక్ష్యం ఎప్పుడు చెబుతాడు?"

అడగడంలో తప్పేమీ లేదు. ఆమె భర్త యేసుదాసుకు పార్కిన్సన్ జబ్బు వచ్చి, చెయ్యి వణికి, కాలు కదలక, అన్నం కూడా ఆమే తినిపించాల్సి వచ్చినప్పుడు సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేసింది. తర్వాత హైదరాబాదులో ఆపరేషన్ అయింది. మెదడులోకి సన్నటి తీగలు దించి, ఛాతీ చర్మం కింద అగ్గిపెట్టెంత మిషన్ పెట్టారు. అది కరెంటు పంపుతుంటే వణుకు ఆగుతుంది. దాన్ని ఆపడానికీ వెయ్యడానికీ దానమ్మ చేతికి ఒక రిమోటు ఇచ్చారు. మేలు పొందినవాడు ఆదివారం గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పడం అక్కడి ఆనవాయితీ. చెప్పకపోతే దేవుడి మేలును దిగమింగినట్టే లెక్క.

యేసుదాసు మాత్రం ససేమిరా అన్నాడు. "మిషన్ నడస్తా ఉంటే బాగైనానని ఎట్ల చెప్పేది? అబద్ధసాక్ష్యం పలకొద్దని ఆజ్ఞ ఉంది గదా?" మొండిఘటం. ఊరికి జవాబు చెప్పుకోలేక చచ్చేది దానమ్మ.

ఈ చిక్కులోకి డాక్టరు మాట ఒకటి వచ్చి పడింది. మొన్న చూపించుకోవడానికి పోయినప్పుడు దానమ్మ ఉండబట్టలేక అడిగింది. "తలలో చచ్చిపోయిన కణాలు మళ్ళీ వస్తాయా సార్?"

"ఎలుకలకు ఇట్లా కరెంటు పెడితే మెదడులో కొత్త కణాలు పుట్టిన గుర్తులు కొన్ని పరిశోధనల్లో కనిపించాయమ్మా. మనుషుల సంగతి ఇంకా తేలలేదు. పుట్టినా ఈ జబ్బుకు అక్కరకొస్తాయో లేదో చెప్పలేం" అన్నాడాయన.

పాము చావకుండా కర్ర విరగకుండా చెప్పిన ఆ జవాబులో దానమ్మ చెవికెక్కింది ఒక్క ముక్కే, కొత్తవి పుడతాయని. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా ఆశ మీద బతికే మనిషిని ఏమని తిడతాం?

తిరిగి వస్తూ బస్సులోనే తేల్చేసింది. "మిరపనారు నాటినప్పుడు చెంబుతో నీళ్ళు పోస్తాం. వేరు పట్టుకున్నాక మానుకుంటాం. కరెంటూ అంతే గదయ్యా? ఆదివారం ఆపి చూద్దాం."

యేసుదాసుకు ఆ మాట నచ్చింది. మిషన్ ఆగినా వణకకపోతే సాక్ష్యం నిజమవుతుంది. డాక్టరును ఒక మాట అడుగుదామన్న బుద్ధి ఇద్దరిలో ఒక్కరికీ పుట్టలేదు.

ఆదివారం పొద్దున అతను మాత్రలు మింగి తెల్లచొక్కా తొడుక్కున్నాక దానమ్మ మిషన్ ఆపింది. ఇద్దరూ ఆ చేతినే చూస్తూ కూర్చున్నారు. వణకలేదు. గుడి గంట కొట్టారు. అప్పటికీ వణకలేదు. "మొలిచినాయయ్యా!" అని దానమ్మ ఏడ్చేసింది. మింగిన మాత్రలు పని చేస్తున్నాయేమోనన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

గుడిలో ఎబినేజర్ పాస్టరుగారు పేరు పిలవగానే యేసుదాసు మగవాళ్ళ వైపు నుంచి లేచాడు. "దేవునికి స్తోత్రం. నా చెయ్యి..." అన్నాడో లేదో, ఆ చెయ్యే మొదలుపెట్టింది. ముందు బొటనవేలు, తర్వాత మణికట్టు. గొంతు కూడా సన్నగిల్లింది.

దానమ్మకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. మిషన్ వేస్తే సాక్ష్యం అబద్ధం. వెయ్యకపోతే మనిషి పడిపోతాడు. అసలు ఏమీ మొలవనే లేదా? లేక మొలిచినవాటిని పొద్దున తన చేతులతో తానే ఎండగట్టిందా? బైబిలు సంచిలోంచి రిమోటు తీసుకుని, ప్రార్థన నడుస్తుండగా ఆడవాళ్ళెవరూ దాటని నడిమిదారి దాటి పోయింది.

రిమోటు ఛాతీకి ఆనించబోతే అతను తల అడ్డంగా ఆడించాడు. "ఆగు. అందరినీ చూడనీ." వణికే చేతిని పైకెత్తాడు. ఎవరో పిల్ల కిసుక్కుమంది, తల్లి గిచ్చింది. కాసేపయ్యాక అతనే ఆమెకు తలూపాడు. ఆమె నొక్కింది. మెల్లమెల్లగా చెయ్యి నిమ్మళించింది. కొందరు హల్లెలూయ అన్నారు. అనాలో వద్దో తెలియనివాళ్ళు పాస్టరుగారి ముఖం చూశారు. పాస్టరుగారు బైబిల్లోకి చూసుకున్నారు.

"బాగైనానో లేదో నాకు తెలీదు" అన్నాడు యేసుదాసు. "తలలో ఏమన్నా మొలిచిందో లేదో డాక్టరుకే తెలీదు. నా చెయ్యి వణికితే ఈమె లేచి వస్తాదని మాత్రం తెలుసు. ఇందులో అబద్ధం లే."

అని చాప మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు తిరిగి పోవాలో, అక్కడే నిలబడాలో దానమ్మకు తోచలేదు. యేసుదాసు కొంచెం పక్కకు జరిగాడు. ఆమె మగవాళ్ళ చాప మీదే కూర్చుంది.