తడిబట్టల మీద లక్కసీలు

లోపల తడిబట్టలు ఉన్నాయని గంజి తాత చెబుతూనే ఉన్నాడు. కోర్టు అమీనా వినిపించుకోలేదు. షట్టరు కిందికి లాగించాడు. తాళం వేయించి, దానికి గుడ్డ చుట్టించి, కొవ్వొత్తి మంటకి లక్క కరిగించి ఎర్రగా కారించాడు. లక్క గట్టిపడకముందే ఇత్తడి ముద్ర ఒత్తాడు. అతనికి అటూ ఇటూ ఇద్దరు పోలీసులు ఎండకి కళ్ళు చిట్లించుకుని నిలబడ్డారు. వాళ్ళ ఒంటి మీది చొక్కాలు ఆ వీధిలో ఉతికినవే.

"ఆస్పత్రి దుప్పట్లయ్యా. ఇప్పుడే పిండాను. ఆరేసి ఇచ్చేస్తాను, ఆ తర్వాత మూసుకోండి," అన్నాడు తాత.

"ఉన్నది ఉన్నట్టుగా మూయమని ఉత్తర్వు," అన్నాడు అమీనా. అతని గొంతులో కోపం కూడా లేదు.

ఎదురుకొట్లో ఇస్త్రీ చేస్తున్న వదిన ఇదంతా చూసింది. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే. మాట తక్కువ మనిషి. చూస్తూ చూస్తూ చెయ్యి ఆగిపోయింది. బొగ్గుల పెట్టె కింద ఎవరిదో చొక్కా వీపున గోధుమరంగు మచ్చ పడింది. ఆమె చేతిలో బట్ట మాడటం అదే మొదలు.

అది బట్టలు ఉతికేవాళ్ళ వీధి. అక్కడ ప్రతి వాడుక ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. రెండు గీతలూ ఒక చుక్కా, తిరగేసిన మెట్టు, తోక లేని చేప, ఇలా. చెరగని సిరాతో కాలరు లోపలో దుప్పటి మూలనో వేస్తారు. ఎన్ని మూటలు కలగలిసినా ఆ గుర్తు చూసి ఎవరి బట్ట వాళ్ళకి చేరుస్తారు. తాతకి చూపు మసకబారాక గుర్తులు తారుమారయ్యాయి. పోలీసాయన బనీను టీచరమ్మ ఇంటికి, టీచరమ్మ గౌను పోలీసాయన ఇంటికి వెళ్ళాయి. వీధంతా నవ్వింది. తాత నవ్వలేదు. ఇక కొట్టు మూసేస్తానన్నాడు.

వదిన ఆడబిడ్డ కంప్యూటరు పని నేర్చిన పిల్ల. ఆ పిల్ల రోజూ సాయంత్రాలు కూర్చుని ఒక పాత ఫోనుకి గుర్తులు చదవడం నేర్పింది. దాన్ని తాత బల్లకి బిగించింది. బట్ట మూల దాని ముందు పెడితే చాలు, "మేడమీది టీచరమ్మ" అని పలికేది. తాత దాన్ని మనవరాలు అని పిలిచేవాడు. తర్వాత ఆ పిల్లే ఆ ప్రోగ్రామును అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఊరికే ఇచ్చింది. వీధంతా దాంతోనే బట్టలు వేరు చేసుకోసాగింది.

ఊళ్ళో పేటపేటకీ అద్దాల కౌంటర్లు తెరిచిన లాండ్రీ కంపెనీ ఒకటుంది. బట్ట మీది గుర్తును యంత్రంతో చదివించి సొంతదారుకి చేర్చే పద్ధతికి ఆ కంపెనీ పేటెంటు తీసుకుంది. అంటే ఇంకెవరూ అలా చెయ్యకూడదని ప్రభుత్వం రాసిచ్చిందన్నమాట. ఆడబిడ్డ వాళ్ళ ప్రోగ్రాము కంటితో చూసి ఎరగదు. తన బుర్రతో తాను రాసుకుంది. అయినా తప్పేనట. ఆ యంత్రం మొదట పలికింది తాత బల్ల మీదే కాబట్టి కేసు ముందు ఆయన కొట్టు మీద పడింది.

సీలు పడిన సాయంత్రం బాయిలరు షెడ్డులో అందరూ చేరారు. సంఘానికి పెద్దయిన బాయిలరు బాబాయి కోర్టులో జరిగింది చెప్పాడు. తాతల కాలం నుంచీ గుర్తులు మేమే వేస్తున్నామని మన వకీలు అన్నాడట. గుర్తుల జోలికి మేము రావడంలేదు, యంత్రం చదవడమే మాది, కావలిస్తే కళ్ళతో చదువుకోమనండి, ఎవరొద్దన్నారు అని కంపెనీ వకీలు అన్నాడట.

"కళ్ళుంటే చదువుకోనూ," అన్నాడు తాత మూలనుంచి.

మంగలి లేచి, తనకూ వేరే కంపెనీ నుంచి నోటీసు వచ్చిందన్నాడు. గడ్డం వంతు ఎప్పుడొస్తుందో గిరాకీకి ఫోనులో చెప్పినందుకు. దర్జీకి కూడా వచ్చిందట, కొలతలు చెబితే గుడ్డ ఎంత పడుతుందో లెక్కగట్టే ప్రోగ్రాము వాడినందుకు.

"రేపు ఆవలింత కూడా మాదే అంటారు. అందాకా కడుపునిండా ఆవలించండి," అన్నాడు మంగలి. నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. కంపెనీ బోర్డు తగిలించుకుని వాళ్ళ కిందే పనిచేస్తే గొడవ ఉండదని ఒకరన్నారు. బోర్డు ఎవరిదైతేనేం, ఇస్త్రీపెట్టె మనదేగా అని ఇంకొకరన్నారు.

"ముందు బోర్డు, తర్వాత పెట్టె, ఆ తర్వాత నువ్వు," అన్నాడు బాబాయి.

ఎటూ తేలకుండానే లేచారు. తాత కొట్లోనే వండుకుని కొట్లోనే పడుకునేవాడు. ఆయన్ని వదిన తన ఇంటికి తీసుకొచ్చింది.

మర్నాడు కంపెనీ మనిషి వదిన కొట్టుకే వచ్చాడు. అంత ఎండలోనూ కోటు విప్పడు కాబట్టి వీధి అతనికి కోటు అనే పేరు పెట్టింది. బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. ఆడబిడ్డ ఆ ప్రోగ్రామును కంపెనీ దగ్గర దొంగిలించి వీధికి పంచిందని అందులో ఉంది. అదే ఇంటి మనిషి సంతకం పెడితే కోర్టు ఇంకేమీ అడగదన్నాడు.

"ఒక్క సంతకమమ్మా. వీధి జోలికి రాము, బోర్డు తగిలిస్తే చాలు. ముసలాయన తలుపు సాయంత్రానికల్లా తెరిపిస్తాను."

"మరి పిల్లని?"

"చట్టం చూసుకుంటుంది."

వదిన కాగితాన్ని చూడలేదు. అతని కోటు మోచేతి దగ్గర కుట్టు విడిపోయి ఉంటే దాన్ని చూసింది.

మూసిన కొట్లోంచి వాసన మొదలైంది. తడిసి ముద్దగా పడున్న దుప్పట్లు పులుస్తున్నాయి. ఆ వీధిలో ఇది చావుతో సమానం. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్ళున్నా, పరాయివాళ్ళ బట్టని తడిగా వదిలేసి పడుకునేవాళ్ళు అక్కడ లేరు. తాత పొద్దుట లేస్తూనే వెళ్ళి మూసిన షట్టరు ముందు మెట్టు మీద కూర్చునేవాడు. ఆస్పత్రివాళ్ళు వచ్చి, రోగుల కింద పరచడానికి లేవు, నువ్వు మనిషివేనా అన్నారు. తాత వాళ్ళకి సీలు చూపించలేదు. తలవంచుకుని, తప్పు నాదే అన్నాడు.

రాత్రి అన్నాలకి కూర్చున్నారు. సంతకం పెడితే ఏం పోతుందని వదిన మొగుడు గొణిగాడు. కాసేపయ్యాక తను గొణిగింది సొంత చెల్లెలి గురించేనని గుర్తొచ్చి, కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు.

"పెట్టెయ్యి వదినా," అంది ఆడబిడ్డ. "నేనొక్కదాన్నేగా పోయేది. తాత మొహం చూడలేకపోతున్నాను."

"నువ్వు దొంగిలించావా?"

"లేదు."

"మరి దొంగిలించావని నా చేత్తో ఎలా రాయమంటావే?"

ఆ మాటైతే అంది గానీ మనసు నిలవలేదు. కాగితం కొంగున ముడేసుకుని తాత పక్కన వెళ్ళి కూర్చుంది. ఈ ముడి విప్పితే నీ తలుపు తెరుస్తారట అని చెప్పింది. తాత ఆ ముడిని వేళ్ళతో తడిమాడు.

"తలుపు తెరుచుకుంటే మాత్రం నాకు కనబడేదేముంది? నాకు చూపిచ్చిన పిల్లని ఇచ్చేసి, ఆ తలుపులోంచి ఎలా దూరమంటావు?" అన్నాడు. "ఈ కాగితం ఇక్కడితో ఆగదే తల్లీ. ఇంకో ఊళ్ళో ఇంకో ముసలాడి కొట్టుకి పట్టుకెళ్తారు."

తెల్లవారి చూస్తే తాత తన కొట్టు ముందు మెట్టు మీదే ఉన్నాడు. షట్టరుకి ఆనుకుని, నిద్రపోతున్నట్టు. వదిన లేపబోయింది. చెయ్యి చల్లగా తగిలింది.

వీధంతా వచ్చింది. ఆయన్ని చాప మీదికి దించాక, ఒంటి మీది చొక్కా మార్చాలన్నారు. ఆయనకున్న ఒక్క మంచి తెల్లచొక్కా లోపల ఉంది. ఊరందరి బట్టలూ తెల్లబరచినవాడికి ఆఖరికి ఒక తెల్లబట్ట లేకుండా పోయింది. నా కొత్త చొక్కా తెస్తానన్నాడు మంగలి. బాబాయి ఒప్పుకోలేదు. ఆయన బట్టే ఆయనకి వెయ్యాలన్నాడు. అమీనాకి ఫోను చేస్తే, కోర్టుకి సెలవులు, తెరిచేదాకా ఆగండి అన్నాడు. కబురు ఎలా అందిందో గానీ అంతలో కోటు వచ్చాడు. శవానికి దణ్ణం పెట్టి, వదిన దగ్గరికి నడిచాడు.

"ఇప్పుడైనా పెట్టమ్మా. ఫోను చేసి నిమిషంలో తెరిపిస్తాను."

వదిన అతన్ని దాటుకుని నడిచింది. తన కొట్లోకి వెళ్ళింది. కొంగు ముడి విప్పి, ఆ కాగితం అంటించి ఇస్త్రీపెట్టెలో వేసింది. పెట్టె నిండా బొగ్గులు పోసి ఊదింది. బొగ్గులు ఎర్రబడ్డాక మూతపెట్టి, పిడి పట్టుకుని వీధి దాటింది. జనం రెండుగా చీలి దారిచ్చారు. ఏం చెయ్యబోతోందో అందరికీ తెలిసింది. ఎవరూ వద్దనలేదు. పెట్టె అంచు లక్క మీద ఆనించింది. చిన్న చప్పుడుతో లక్క మెత్తబడింది. ముద్రలోని అక్షరాలు ఒకదాంట్లోకి ఒకటి జారి, షట్టరు మీద ఎర్రగా కారి, గడప మీద చుక్కలుగా పడ్డాయి.

తాళం సంగతి బాబాయి గునపం చూసుకుంది.

లోపలినుంచి వచ్చిన వాసనకి కొంతమంది వెనక్కి తగ్గారు, మళ్ళీ ముందుకొచ్చారు. దుప్పట్లు నల్లమచ్చలు పడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆడవాళ్ళు చేతులతో విడదీశారు. ఎవరూ చెప్పకుండానే తొట్లు నిండాయి. ఆ రోజు షెడ్డులో బోర్డు తగిలిద్దామన్నవాడు కూడా మోకాళ్ళ దాకా తడిసి దుప్పట్లు బాదుతున్నాడు. తాత చొక్కాని ఆడబిడ్డ ఉతికింది. ఆరేదాకా ఆగే తీరిక లేక, వదిన దాన్ని తడిగానే ఇస్త్రీ చేసింది. ఆవిరి మొహం మీదికి కొడుతుంటే అప్పుడు ఏడ్చింది. పెట్టెకి అంటుకున్న లక్క కాలరు మీద ఒక ఎర్రమరకగా దిగింది. అది పోదని ఆమెకి తెలుసు. ఆ చొక్కానే తాతకి తొడిగారు.

మోసుకెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చేసరికి దుప్పట్లు వీధికి అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడకి ఆరుతున్నాయి. పోలీసు జీపు వాటి దగ్గర ఆగింది. అమీనా దిగాడు. వీధి మొత్తానికీ సీళ్ళు వెయ్యడానికి సంచి నిండా లక్క తెచ్చాడు. కోర్టు సెలవులు దానికి అడ్డం రాలేదు. సీలు ఎవరు కరిగించారని అడిగాడు.

వదిన ముందుకొచ్చి పెట్టె చాపింది. "ముట్టుకుని చూడండి. ఇంకా వేడిగానే ఉంది."

ఆమెని ఎక్కించారు. ఆడబిడ్డని కూడా ఎక్కించారు. వదిన మొగుడు జీపు కడ్డీ పట్టుకుని వదల్లేదు. ఒక పోలీసు లాఠీతో వేళ్ళ మీద కొడితే వదిలాడు. జీపులో ఆడబిడ్డ, నాకోసం నువ్వెందుకు వదినా అంది. నోరుమూసుకుని అటు చూడు అంది వదిన.

కరెంటు పెట్టెలు వచ్చాక అటకలెక్కించిన పాత బొగ్గుల పెట్టెలన్నీ కిందికి దిగాయి. కొట్టు కొట్టు ముందూ ఒకటి రాజుకుంటోంది. మంగలి దుకాణం ముందు కూడా ఒకటుంది, ఎవరిని అడిగి తెచ్చుకున్నాడో. అమీనా మొదటి కొట్టుకి సీలు వేశాడు. ఆ కొట్టామె మర్యాదగా పక్కకి తప్పుకుని, ముద్ర ఒత్తేదాకా ఆగింది. అతను రెండో కొట్టుకి వెళ్ళగానే తన పెట్టె తీసి లక్క మీద ఆనించింది. రెండో కొట్టు వాళ్ళూ అంతే. పోలీసులు మొదటామెని పట్టుకుంటే, ఆ పెట్టె పక్కామె అందుకుంది.

జీపు కదిలింది. దుప్పట్ల సందులోంచి వదినకి వీధి కాస్త కాస్తగా కనబడింది. మూడో కొట్టు ముందు అమీనా ఆగాడు. కొవ్వొత్తి ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి సంచిలో పెట్టి, లక్క ఎంత మిగిలిందో తడిమి చూసుకుంటున్నాడు.